సంత మనది, కాటా ఎవరిది?

అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అందరూ ఓపిగ్గా చదవండి. పోస్టు పొడుగ్గా ఉంది. చివరిదాకా చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాం.

ఈ మధ్య మన గ్రూపుల్లో రెండు రకాల పోస్టులు తెగ తిరుగుతున్నాయి. ఒకటి: అరకు కాఫీ ప్యారిస్ వెళ్ళింది, పార్లమెంటులో స్టాలు పెట్టారు, ఆదివాసీ బిడ్డగా గర్వపడు, షేర్ చెయ్యి. రెండోది: దళారులను తరిమికొట్టండి, ఏజెన్సీలో అడుగు పెట్టనివ్వొద్దు. మొదటిదానికి గుండె బొమ్మలు, రెండోదానికి పిడికిలి బొమ్మలు.

మేం చెప్పేది ఒక్కటే. ఈ రెండు పోస్టులూ కలిపినా మన ఇంట్లో అమ్మ తల మీద మోసుకెళ్ళే చింతపండు మూటకి ఒక్క రూపాయి పెరగదు. గర్వంతో ధర రాదు. తిట్టుతో కూడా రాదు. సరుకు చెట్టు దగ్గర నుంచి తినేవాడి దగ్గరికి ఏ దారిలో పోతోంది, ఆ దారిలో ఏ మలుపు దగ్గర ఎవరు కూర్చున్నారు, ఎందుకు కూర్చోగలిగారు అన్నది తెలిస్తేనే ధర గురించి మాట్లాడగలం.

మా హాస్టల్లో బీకాం చదివేవాళ్ళం కొందరం ఉన్నాం. మార్కెటింగ్ పుస్తకంలో పంపిణీ మార్గాలు అని ఒక పాఠం ఉంటుంది. ఉత్పత్తిదారుడు, అక్కడి నుంచి బాణం గుర్తు, టోకు వ్యాపారి, మళ్ళీ బాణం, చిల్లర వ్యాపారి, మళ్ళీ బాణం, వినియోగదారుడు. బొమ్మ చాలా శుభ్రంగా ఉంటుంది. ఆ బొమ్మలో సంత లేదు. ఆగస్టు నెలలో తీసుకున్న అప్పు లేదు. తరుగు లేదు. జీపు ఛార్జీ లేదు. పుస్తకంలో బాణం గుర్తు ఉన్న చోట మన దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటాడు, అతని చేతిలో కాటా ఉంటుంది. ఆ బాణాన్ని విప్పి చూపించడానికే ఈ పోస్టు.

దళారి ఏం చేస్తాడు?

ముందు కోపం పక్కన పెట్టి అతను చేసే పనులు లెక్కపెడదాం.

1) ముందు డబ్బు ఇస్తాడు. వానాకాలం, ఇంట్లో గింజలు అయిపోయినప్పుడు, జ్వరాలు వచ్చినప్పుడు, రాత్రి పదింటికి వెళ్ళి అడిగినా ఇస్తాడు. కాగితాలు అడగడు.

2) ఊరి దాకా వస్తాడు, లేదా ఊరికి దగ్గర సంతకి వస్తాడు.

3) రెండు కిలోలైనా కొంటాడు, రెండు బస్తాలైనా కొంటాడు. తడిగా ఉంది, చెత్త ఉంది అని వెనక్కి పంపడు. తరుగు తీసుకుని కొంటాడు.

4) అక్కడికక్కడే నగదు చేతిలో పెడతాడు.

5) పదిమంది దగ్గర కొన్నది కలిపి, ఏరి, ఎండబెట్టి, రకాలు వేరు చేసి బస్తాలు కడతాడు.

6) ధర పెరిగేదాకా గోదాంలో దాస్తాడు.

7) లారీ మాట్లాడి కిందకి దించుతాడు.

8) కింద ఎవరు కొంటారో, ఎంతకి కొంటారో అతనికి తెలుసు. ఫోను నంబర్లు ఉన్నాయి.

9) ధర పడిపోతే, సరుకు పాడైతే ఆ నష్టం భరిస్తాడు.

ఈ తొమ్మిదీ పనులే. ఎవరో ఒకరు చెయ్యాల్సినవే, కూలి ఇవ్వాల్సినవే. అతన్ని ఈ రోజు ఊరి పొలిమేర దాటించేస్తే రేపు పొద్దున ఈ తొమ్మిది పనులు ఎవరు చేస్తారు? దీనికి జవాబు లేకుండా తరిమికొడితే ఏమవుతుందో మనకి తెలుసు. అతను పక్క సంతకి వెళ్ళి కూర్చుంటాడు. మన అమ్మలు ఇంకో ఆరు కిలోమీటర్లు ఎక్కువ నడిచి అతని దగ్గరికే వెళ్తారు.

మన గొడవ అతను ఆ పనులు చేస్తున్నందుకు కాదు. ఆ పనులకి కూలి ఎంతో అతనే చెప్తాడు, మన సరుకు ధర కూడా అతనే చెప్తాడు, తూకం కూడా అతనే వేస్తాడు. మనం వింటాం. గొడవ అక్కడుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. చాలామందికి నచ్చదు. దళారి అంటే మైదానం నుంచి వచ్చినవాడే అనుకోవద్దు. చాలా ఊళ్ళల్లో మొదటి చెయ్యి మనవాడిదే. షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని, మన భాషలో మాట్లాడి, మన వరస పెట్టి పిలిచి, మన గుమ్మంలో కాటా వేలాడదీసేవాడు మన పిన్ని కొడుకో, మన మావయ్యో అయ్యుంటాడు. కాబట్టి ఇది వాళ్ళు, మనం అని గీత గీసేస్తే తేలిపోయే విషయం కాదు.

వడ్డీ ఎక్కడ దాక్కుంది?

పైన చెప్పిన తొమ్మిదింటిలో మొదటిదే అసలు తాళం. మిగతా ఎనిమిదీ దాని వెనకాలే వస్తాయి. ఒక లెక్క వేద్దాం. అంకెలు లెక్క అర్థమవడానికి వేసుకున్నవి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.

ఆగస్టులో ఒక అక్క 1,800 రూపాయలు తీసుకుంది. మార్చిలో చింతపండు ఇస్తాను, కిలో 20 లెక్కన కట్టుకో అని మాట. అంటే 90 కిలోలు ఇవ్వాలి. పిక్కతో ఉన్న చింతపండుకి 2020లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర కిలో 36 రూపాయలు. ఆ ధరకి 90 కిలోల విలువ 3,240. అంటే 1,800కి ఏడు నెలల్లో 1,440 రూపాయలు అదనంగా పోయింది. నూటికి 80. ఏడాదికి లెక్కేస్తే నూటికి 137 దాకా.

ఇందులో వడ్డీ అనే మాట ఎక్కడా వినపడలేదు చూడండి. ధర లోపల దాక్కుంది. అక్కని అడిగితే నేను వడ్డీకి తీసుకోలేదమ్మా, చింతపండు మీద తీసుకున్నాను అంటుంది.

1917లో, తెల్లవాళ్ళ పాలనలోనే, మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. ఏజెన్సీలో ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ వసూలు చెయ్యకూడదని అందులో ఉంది. 24 లెక్కన పైన చెప్పిన 1,800కి ఏడు నెలలకి 252 రూపాయలు. పోయింది 1,440. ఆ తర్వాత 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ వచ్చింది. లైసెన్సు లేకుండా ఏజెన్సీలో వడ్డీ వ్యాపారం చెయ్యకూడదు. చట్టాలు ఉన్నాయి. కానీ వడ్డీ వడ్డీలా కనిపిస్తేనే చట్టం పట్టుకుంటుంది. చింతపండు ధరలా కనిపిస్తే ఎవరు పట్టుకుంటారు?

ఇది కొత్త కథ కూడా కాదు. 1879 రంప ఫితూరీకి కారణాల్లో మన్సబుదారు పీడన, కల్లు మీద పన్నుతో పాటు మైదాన వ్యాపారులు కొండవాళ్ళ మీద అప్పుల దావాలు వేసి పశువుల్ని, సామాన్లని జప్తు చేయించడం కూడా ఉంది. మన తాతముత్తాతలు విల్లు పట్టింది భూమి కోసమే కాదు, ఈ లెక్క మీద కోపంతో కూడా.

సర్కారు ఏం చేసింది?

ఏమీ చెయ్యలేదు అంటే అబద్ధం అవుతుంది. 1956లో గిరిజన సహకార సంస్థ మొదలైంది. కొండ సరుకు కొనడం, ఉప్పు పప్పు లాంటి రోజువారీ సరుకులు డిపోల్లో అమ్మడం, పంట అప్పులు ఇవ్వడం, ఈ మూడూ ఒకే చేతి మీద నడపాలన్న ఆలోచన చాలా తెలివైనది. ఎందుకంటే షావుకారు చేసేది కూడా సరిగ్గా ఆ మూడే. సరుకు కొంటాడు, ఉప్పు అమ్ముతాడు, అప్పు ఇస్తాడు. 1979లో అటవీ ఫలసాయం వ్యాపారం మీద రెగ్యులేషన్ తెచ్చి, షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆ సరుకులు కొనే హక్కు ఆ సంస్థకే ఇచ్చారు.

ఉద్దేశం మంచిదే. కానీ ఒక్కడే కొనేవాడు ఉంటే, ఆ ఒక్కడు సర్కారు అయినా సరే, అమ్మేవాడికి బేరం చేసే నోరు ఉండదు. కొనే ధర పైన ఆఫీసులో తేలుతుంది. కొండ ఎక్కి అడ్డాకులు కోసేవాళ్ళు, తేనె పట్టు తీసేవాళ్ళు ఆ గదిలో ఉండరు. దానికి తోడు, ఎవరు కొన్నా సరే, డబ్బు ఆలస్యం అయితే చాలు, షావుకారు గెలిచినట్టే. ఇటుకల పండగకి డబ్బు కావాల్సిన ఇంట్లో వచ్చే నెల బ్యాంకులో పడుతుంది అంటే అర్థం లేదు. పది రూపాయలు తక్కువైనా చేతిలో పెట్టేవాడి దగ్గరికే పోతారు. మన అమ్మానాన్నలకి తెలివి లేక కాదు. వాళ్ళ లెక్క వాళ్ళకి సరిగ్గానే ఉంది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. సెక్షన్ 3(1)(సి) చదవండి. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకి యాజమాన్య హక్కు ఉంది. సేకరించుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 2012లో రూల్సు సవరించి అమ్ముకోవడం అంటే ఏంటో ఇంకా స్పష్టంగా రాశారు. ఊళ్ళోనే శుద్ధి చేసుకోవడం, విలువ పెంచుకోవడం, అడవి బయటికి రవాణా చేసుకోవడం అన్నీ అందులోకి వస్తాయి. రవాణాకి ఇచ్చే పర్మిట్టు కూడా గ్రామసభ కమిటీయే, లేదా గ్రామసభ అధికారం ఇచ్చిన మనిషి ఇవ్వొచ్చు. అంటే చట్టం ప్రకారం ఆ దారి మొత్తానికీ తలుపు తాళంచెవి మన చేతిలో పెట్టారు. మన ఊళ్ళల్లో ఆ పర్మిట్టు పుస్తకం ఎవరైనా చూశారా? అసలు అలాంటి పుస్తకం అచ్చేయించుకోవచ్చని ఎవరైనా చెప్పారా?

ప్రాణహిత అవతల గడ్చిరోలిలో మేంఢా లేఖా అనే గోండు ఊరు ఉంది. వాళ్ళు వెదురు మీద హక్కు కోసం పట్టుబట్టారు. 2011 ఏప్రిల్ 27న కేంద్ర మంత్రి జైరాం రమేష్ స్వయంగా ఆ ఊరికి వెళ్ళి రవాణా పర్మిట్టు పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టారు. ఆ ఊరు గొప్ప ధనవంతుల ఊరు కాదు, మనలాంటిదే. తేడా ఒక్కటే. వాళ్ళు హక్కు పత్రాన్ని పెట్టెలో దాచుకోలేదు, ఆఫీసు బల్ల మీద పెట్టి అడిగారు.

కాఫీ గర్వం లెక్క

ఇప్పుడు గర్వపడే పోస్టుల దగ్గరికి వద్దాం. కాఫీ అటవీ ఫలసాయం కాదు, మనం వేసుకున్న పంట. ఎవరికైనా అమ్ముకోవచ్చు. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో స్టాళ్ళు పెట్టారు. అన్నీ నిజమే. ఇందులో మంచి కూడా ఉంది. పండిన ఎర్ర పండ్లకి వేరే ధర ఇచ్చే కొనుగోలుదారు వచ్చాక, పచ్చివి పండినవి కలిపి దూసేసే పద్ధతి మానిన రైతులు చాలామంది ఉన్నారు. కొనేవాళ్ళు ఇద్దరు ముగ్గురైతే బేరానికి నోరు వస్తుంది. దీన్ని మేం కాదనం.

కానీ ఈ లెక్క కూడా వెయ్యండి. అరబికా ధర ప్రపంచానికంతా న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో తేలుతుంది. బ్రెజిల్‌లో కరువు వస్తే పాడేరులో ధర మారాలి. 2025 ఫిబ్రవరిలో అక్కడ పౌండు ధర 4 డాలర్లు దాటింది. కిలోకి మన డబ్బుల్లో 750 రూపాయల పైనే. అది పొట్టు తీసిన పచ్చి గింజ ధర. మనం అమ్మేది పార్చిమెంటు. వంద కిలోల పార్చిమెంటు పొట్టు తీస్తే ఎనభై కిలోల దాకా గింజ వస్తుంది. అంటే కిలో పార్చిమెంటులో ఉన్న గింజ విలువ 600 రూపాయల దాకా. దీంట్లోంచి మిల్లు ఖర్చు, గ్రేడింగు, లారీ, బ్యాంకు వడ్డీ, కొన్నవాడి లాభం పోవాలి. న్యాయమే. పోగా మిగిలింది మన ధర కావాలి. ఆ నెలలో మీ నాన్న ఎంతకి అమ్మాడో అడగండి. మధ్యలో ఉన్న తేడాకి ఎవరు ఏ పని చేశారో కూడా అడగండి. పని కనపడితే సరే. కనపడకపోతే అదే మన పోస్టు.

ఇంకొంచెం ముందుకి వెళ్దాం. ఎనభై కిలోల గింజ వేయిస్తే బరువు తగ్గి అరవై అయిదు, అరవై ఏడు కిలోలు మిగులుతుంది. కప్పుకి పది గ్రాముల పొడి అనుకుంటే కిలో పార్చిమెంటు నుంచి 65 కప్పులకి పైగా కాఫీ వస్తుంది. నగరంలో పెద్ద కేఫ్‌లో కప్పు 150 అనుకోండి. దాదాపు పదివేల రూపాయలు. అదంతా దోపిడీ అని మేం అనడం లేదు. అద్దె ఉంది, పాలు ఉన్నాయి, అక్కడ పనిచేసే పిల్లల జీతాలు ఉన్నాయి. మేం చెప్పేది ఏంటంటే, దారిలో చివరి మలుపు దగ్గర, తాగేవాడికి దగ్గరగా, డబ్బంతా పోగుపడుతుంది. అక్కడ అమ్ముడుపోయేది కాఫీ ఒక్కటే కాదు, పేరు. అరకు అనే పేరు. ఆ పేరు మన ఊరిది. ప్యాకెట్టు మీద మన అవ్వ ఫోటో, మన ధింసా ఫోటో వేసి అమ్మే పేరు.

జీఐ అంటే ఆ పేరు ఆ నేల మీద పండించేవాళ్ళ ఉమ్మడి సొత్తు. కానీ చట్టం ప్రకారం ఆ పేరు వాడుకోవాలంటే రైతు అధీకృత వాడుకదారుగా నమోదు కావాలి. ఫోటోలు షేర్ చేసే ముందు ఒక పని చేద్దామా? మీ ఊళ్ళో ఎంతమంది కాఫీ రైతులు అలా నమోదయ్యారో కనుక్కోండి. ఒక్కరు కూడా లేకపోతే మనం గర్వపడుతున్నది మన బొమ్మ చూసి మాత్రమే.

పిక్క ఎవరిది?

చింతపండుకి కూడా ఇలాగే ఒక లెక్క ఉంది. చింతకాయలో సుమారు 55 శాతం గుజ్జు, 34 శాతం పిక్క, మిగతాది పెంకు, ఈనెలు. మనం పెంకు కొట్టి పిక్కతోనే అమ్మేస్తాం. పిక్క తీసిన చింతపండుకి ధర ఎక్కువ. తీసిన పిక్క కూడా చెత్త కాదు. పిక్కల పిండి బట్టల మిల్లుల్లో, జనపనార మిల్లుల్లో గంజికి వాడతారు. అంటే ఒకే మూటలో రెండు సరుకులు అమ్మి, ఒకదానికే డబ్బు తీసుకుంటున్నాం. అదీ తక్కువ ధరకి.

కొండచీపుర్లూ అంతే. కట్టలు కట్టి సంతలో ఇస్తాం. కింద దానికి ప్లాస్టిక్ పిడి తొడిగి షాపులో వేలాడదీస్తారు. అడ్డాకులు కుట్టి మిషను మీద వొత్తితే విస్తరి, కుట్టకపోతే ఆకు. పసుపు ఉడకబెట్టి, సరిగా ఎండబెట్టి, పాలిషు పడితే ఒక ధర, తడితో అమ్మితే ఇంకో ధర. ప్రతి సరుకులోనూ మనం మొదటి మెట్టు మీదే దిగిపోతున్నాం. బస్సు అక్కడి నుంచే బయల్దేరుతుంది.

అప్పుడు గ్రూపులో వెంటనే ఒక తమ్ముడు అంటాడు: మరి ఆన్‌లైన్లో పెట్టేద్దాం అన్నా, మధ్యలో ఎవరూ ఉండరు కదా. తమ్ముడూ, ఆన్‌లైన్లో మధ్యవాళ్ళు పోరు, పేర్లు మారతాయి. కమిషను తీసుకునే యాప్ ఒకటి, కొరియర్ ఒకటి, ప్రకటన కోసం డబ్బు తీసుకునేవాడు ఒకడు. ప్యాకెట్టు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కావాలి, తయారీ తేదీ కావాలి. ఈ నెల పంపిన తేనె, వచ్చే నెల పంపిన తేనె ఒకేలా ఉండాలి. సీసా పగిలి వెనక్కి వస్తే భరించాలి. మన ఊరికి పిన్‌కోడ్ ఉంది, కొరియర్ మాత్రం మండలం దగ్గరే ఆగిపోతుంది. ఆన్‌లైన్ వద్దనడం లేదు. పైన చెప్పిన తొమ్మిది పనుల్లో అది ఎనిమిదోదానికే జవాబు. మిగతా ఎనిమిది అలాగే ఉన్నాయి.

మరి ఏం చెయ్యాలి?

దళారిని తరమడం కాదు, అతని పనులు ఒక్కొక్కటీ మన చేతిలోకి తీసుకోవాలి. ఒకేసారి తొమ్మిదీ కాదు. మేం ఆరు విషయాలు పెడుతున్నాం. కొట్టేసేవి కొట్టేయండి, కలిపేవి కలపండి.

మొదటిది కాటా. 1996 పెసా చట్టంలో సెక్షన్ 4(ఎం) చదవండి. ఏ పేరుతో పిలిచినా సరే, ఊరి సంతల్ని నిర్వహించే అధికారం గ్రామసభకి, తగిన స్థాయి పంచాయతీకి ఇవ్వాలని అందులో ఉంది. వడ్డీ వ్యాపారం మీద అదుపు కూడా అదే సెక్షన్లో ఉంది. ఇప్పుడు చాలా సంతల్లో మనకి తెలిసిన నిర్వహణ అంటే ఆశీలు వేలంపాట ఒక్కటే. కూర్చున్న ప్రతి అవ్వ దగ్గరా పది రూపాయలు వసూలు చేస్తారు. ఆ డబ్బుతో సంతలో ఒక్క ముద్ర ఉన్న కాటా పెట్టలేరా? ఎవరు ఎవరికి అమ్మినా ముందు అక్కడ తూకం చూసుకుని వెళ్ళొచ్చు. 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం వ్యాపారంలో వాడే ప్రతి కాటాకీ శాఖ ముద్ర ఉండాలి. నూనె డబ్బాతో కొలిచి కొనడం చట్టానికి విరుద్ధం. ఈ మాట గ్రామసభ తీర్మానంలో రాయించాలి.

రెండోది ధర పలక. సంత మొదట్లో ఒక నల్ల బోర్డు. ఆ రోజు మద్దతు ధర ఎంత, కింద మార్కెట్లో ఎంత, పోయిన వారం ఇక్కడ ఎంతకి పోయింది. సుద్దముక్క ఖర్చు తప్ప ఇంకేం లేదు.

మూడోది వానాకాలం డబ్బు. పొదుపు సంఘాల్లో ఉన్న డబ్బు, బ్యాంకు లింకేజీ అప్పు జులై ఆగస్టుల్లో చేతికి అందేలా అమ్మలు తీర్మానం చేసుకోవాలి. మార్చిలో సరుకు అమ్మాక కట్టుకోవచ్చు. ఆగస్టులో ఆ 1,800 సంఘం ఇస్తే మార్చిలో 90 కిలోలు మన గోనెలోనే ఉంటాయి. ఈ ఒక్కటి జరిగితే మిగతావన్నీ సులువు. ఇది జరక్కపోతే మిగతా అయిదూ కాగితం మీదే.

నాలుగోది కలిపి అమ్మడం. ఒక్కొక్కరం పది కిలోలు పట్టుకెళ్తే బేరం ఉండదు. ఊరంతా కలిపి ఒక లారీ సరుకైతే లారీయే ఊళ్ళోకి వస్తుంది. వన్‌ధన్ కేంద్రాలకి అసలు ఆలోచన ఇదే. ఇరవై మంది చొప్పున పదిహేను సంఘాలు, మొత్తం మూడొందల మంది, ఒక కేంద్రానికి 15 లక్షల దాకా సాయం. మీ మండలంలో కేంద్రం ఉంటే అక్కడికి వెళ్ళి మూడొందల మంది పేర్లు అడగండి. మన అమ్మ పేరు అందులో ఉండొచ్చు, ఆమెకే తెలియకుండా. యంత్రం ఉందా, తిరుగుతోందా, తాళం ఎవరి దగ్గర ఉంది అడగండి. అడగడం తప్పు కాదు.

అయిదోది ఆగడం. కోసిన వారమే అందరం అమ్మితే ధర పడిపోతుంది. చింతపండు మామూలు గదిలో ఉంచితే నల్లబడుతుంది, చల్లని గిడ్డంగిలో రంగు నిలుస్తుంది. ఏజెన్సీలో గిడ్డంగి కావాలన్నది మన ప్రతి వినతిపత్రంలో మొదటి వరసలో ఉండాలి. మనం స్కాలర్‌షిప్పు కోసం చేసినట్టే దీనికోసం కూడా ధర్నా చెయ్యాలి. స్కాలర్‌షిప్పు ఆగినప్పుడు మనల్ని హాస్టల్లో నిలబెట్టింది ఆ చింతపండే కదా.

ఆరోది మనం. మన ఇళ్ళల్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి తరం మనమే. ఫోను ఉంది, లెక్క వచ్చు, తెలుగు వచ్చు, మన భాష వచ్చు. ఈ సీజను నుంచి ఒక చిన్న పని మొదలుపెడదాం. ప్రతి సంత రోజూ ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు గ్రూపులో అయిదు ముక్కలు పెట్టండి: సంత పేరు, సరుకు, తడా పొడా, కిలో ఎంతకి పోయింది, తరుగు ఎంత తీశారు. కొన్నవాళ్ళ పేర్లు వద్దు, గొడవలు వద్దు, అంకెలు చాలు. హుకుంపేట ధర గుత్తులపుట్టులో అమ్మేవాళ్ళకి ఆ గంటలోనే తెలుస్తుంది. ఉట్నూరు ధర ఆసిఫాబాదుకి తెలుస్తుంది. షావుకారుకి ఇంతకాలం ఉన్న బలంలో సగం ఇదే. అతనికి తెలుసు, మనకి తెలీదు. రెండు సీజన్ల అంకెలు మన దగ్గర ఉంటే, కలెక్టరు గ్రీవెన్సులో కూర్చుని దోపిడీ జరుగుతోంది సార్ అని చెప్పక్కర్లేదు. ఇదిగో సార్ 40 సంతల లెక్క అని కాగితం పెట్టొచ్చు. ఆ కాగితానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

కొందరు పెద్దలు అనబోయే మాట కూడా మాకు తెలుసు. చదువుకోడానికి పంపితే వ్యాపారం మాట్లాడుతున్నారేంటి, గిరిజనుడు వ్యాపారి అయితే గిరిజనత్వం ఉంటుందా అని. అయ్యా, మన సంత ఈ రోజు పుట్టింది కాదు. ఉప్పుకి, బట్టకి, ఇనుముకి మన తాతలు కావిడి మోసుకుని కొండ దిగినవాళ్ళే. పంచుకు తినడం మన పద్ధతి. తూకంలో మోసపోవడం ఎప్పుడూ మన పద్ధతి కాదు. ఊరందరి సరుకూ ఒకే చోట పోసి, ఒకే ధరకి అమ్మి, వచ్చింది పంచుకోవడం కన్నా మన పద్ధతికి దగ్గరైన వ్యాపారం ఇంకేముంది?

ఇంకొందరు అంటారు, ఇవన్నీ సర్కారు చెయ్యాలి, మనం ఎందుకు అని. సర్కారు చెయ్యాల్సింది చాలా ఉంది, అడుగుదాం, గట్టిగా అడుగుదాం. కానీ మన అమ్మ మూట ఎన్ని కిలోలుందో తూచి చూడ్డానికి ఏ జీవో అక్కర్లేదు.

మార్చి దగ్గర పడుతోంది. చింతచెట్ల కింద అప్పుడే అడ్వాన్సుల మాటలు మొదలయ్యాయి. ఈ సెలవులకి ఇంటికి వెళ్ళేవాళ్ళు ముందు ఒక ప్రశ్న అడగండి: అమ్మా, ఈ ఏడాది చింతపండు మీద ఎంత తీసుకున్నావు, ఎన్ని కిలోలకి మాటిచ్చావు? ఆమె చెప్పిన రెండు అంకెలు కాగితం మీద రాసుకుని పక్కన 36 వేసి లెక్క కట్టండి. ఆ కాగితం ఫోటో, ఇంటి పేరు కనపడకుండా, ఇక్కడ పెట్టండి. తర్వాత మాట్లాడుకుందాం.

జోహార్లతో,
హాస్టల్ విద్యార్థులం